మన గంటకు ధర కట్టేది ఎవరు?

"ఆంటీ, ఇక్కడ అందరూ ఇంతే ఇస్తున్నారు." పిస్కాటవేలో, ఎడిసన్‌లో పిల్లల్ని చూసుకోవడానికి, వంట చేయడానికి వెళ్లే అక్కచెల్లెళ్లలో ఈ మాట విననివాళ్లు ఉండరు. బేస్‌మెంట్ పనికి, షీట్‌రాక్ పనికి, పెయింటింగ్‌కి వెళ్లే అన్నదమ్ములకు అదే మాట కొంచెం మారి వినిపిస్తుంది. "మార్కెట్ రేటు ఇంతే తమ్ముడూ, నా చేతిలో ఏముంది?"

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. రేటు వానలాగా ఆకాశం నుంచి పడదు. ఒక ఇంట్లో భార్యాభర్తలు కూర్చుని ఒక నిర్ణయం తీసుకుంటారు. ఒక కాంట్రాక్టరు తన ట్రక్కులో కూర్చుని ఒక నిర్ణయం తీసుకుంటాడు. ఆ నిర్ణయాలన్నీ కలిస్తే వచ్చేదాన్నే మార్కెట్ రేటు అంటున్నాం. అందులో మన నిర్ణయం కూడా ఉంది. మనం మాత్రం లెక్క వేసుకోకుండా, ఎదుటివాళ్లు వేసిన లెక్కకు తల ఊపి వస్తున్నాం. వాళ్లు ఎలా లెక్క వేస్తారో తెలిస్తే మనం కూర్చునే తీరు మారుతుంది, అడిగే తీరు కూడా మారుతుంది.

ఇంటివాళ్ల లెక్క

మీరు పనిచేసే ఇంటిని తీసుకోండి. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తారు, ఇద్దరు చిన్నపిల్లలు. సోమవారం ఉదయం ఎనిమిదింటికి మీరు రాలేదనుకోండి. ఇద్దరిలో ఒకరు మీటింగ్ మానుకోవాలి. అలా వారం రోజులు జరిగితే మేనేజరు అడుగుతాడు. నెల రోజులు జరిగితే ఒకరి ఉద్యోగానికే ఎసరు వస్తుంది. డే కేర్ ఉంది కదా అంటారు. ఇద్దరు పిల్లలుంటే రెండు ఫీజులు. సాయంత్రం మూసే టైముకి పిల్లల్ని తెచ్చుకోకపోతే నిమిషాల లెక్కన ఫైన్. పిల్లకు జ్వరం వస్తే తీసుకోరు, ఇంటికి తీసుకెళ్లమంటారు. పైగా డే కేర్‌లో పప్పన్నం కలిపి పెట్టరు, అమ్మమ్మ భాషలో జోల పాడరు.

అంటే ఆ ఇంటికి మీ గంట విలువ, మీరు కడిగిన గిన్నెల విలువ ఒక్కటి కాదు. మీరు లేకపోతే వాళ్లు పోగొట్టుకునేది ఎంతో, అదే మీ గంటకు వాళ్ల దగ్గర ఉన్న విలువ. మీకు ఇచ్చేది మాత్రం అది కాదు. ఎంత ఇస్తే మీరు కాదనకుండా వస్తారని వాళ్లు అనుకుంటారో, అంతే ఇస్తారు. ఈ రెండింటి మధ్య పెద్ద ఖాళీ ఉంది. ఆ ఖాళీలోని డబ్బు ఎవరి జేబులోకి వెళ్తుందనేదే అసలు బేరం.

అది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, ఎవరు ఆగగలరు. రెండు, ఎవరికి సమాచారం తెలుసు. ఆగడం సంగతి మీకు తెలిసిందే. అద్దె కట్టాలి, ఇంటికి డబ్బు పంపాలి, వచ్చే వారం పని లేకపోతే ఎలా అనే దిగులు. ఇక సమాచారం. వాళ్లకు వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. "మీ నానీకి ఎంత ఇస్తున్నారు?" అని ఒకరు అడిగితే పది నిమిషాల్లో పది జవాబులు వస్తాయి. మనం మాత్రం పక్కింట్లో పనిచేసే అక్కకు కూడా మన జీతం చెప్పం. దిష్టి తగులుతుందని ఒకరు, పని లాక్కుంటుందని ఒకరు. కొనేవాళ్లు ధరలు పంచుకుంటూ, అమ్మేవాళ్లు దాచుకుంటూ ఉంటే ఆ సంతలో ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. మన ఊళ్లో మిర్చి రైతుకు జరిగేది ఇదే. యార్డులో ధర తెలియని రైతుకు దళారి చెప్పిందే ధర.

ఇంకో మాట. "మీరు మా ఇంట్లో మనిషి లాంటివాళ్లు" అంటారు. చాలామంది మనస్ఫూర్తిగానే అంటారు, ఆ ప్రేమను తక్కువ చేయను. కానీ జీతం మాట వచ్చినప్పుడే ఆ మాట బయటికొస్తే కాస్త జాగ్రత్తగా ఉండండి. ఇంట్లో మనిషితో బేరం ఆడకూడదు, గంటలు లెక్కపెట్టకూడదు అనే మొహమాటం మన రక్తంలో ఉంది. ఆ మొహమాటానికి నెలాఖరున ఖరీదు కట్టేది మీరే.

కాంట్రాక్టరు లెక్క

ఇప్పుడు నిర్మాణం పని. ఒక ఇంటాయన బేస్‌మెంట్ పూర్తి చేయించాలనుకున్నాడు. మూడు కొటేషన్లు తెప్పించుకున్నాడు. ఉదాహరణకి 46 వేలు, 44 వేలు, 33 వేలు అనుకుందాం. ఇంటాయన ఏం చేస్తాడు? చాలాసార్లు మూడోది తీసుకుంటాడు. ఎంత కలిసొచ్చిందో స్నేహితులకు చెప్పుకుంటాడు.

ఆ 11 వేల తేడా ఎక్కడి నుంచి వచ్చింది? షీట్‌రాక్ ధర ముగ్గురికీ దాదాపు ఒకటే, ముగ్గురూ హోం డిపోలోనో అలాంటి చోటో కొంటారు. ఊరికి కట్టే పర్మిట్ ఫీజులోనూ పెద్ద తేడా ఉండదు. తగ్గించగలిగినది ఒక్కటే మిగిలింది, అది మనిషి. ఓవర్‌టైం ఇవ్వకపోవడం, వర్కర్స్ కాంపెన్సేషన్ ఇన్సూరెన్స్ కట్టకపోవడం, పేరోల్ ట్యాక్స్ ఎగ్గొట్టడం, పనివాణ్ని "సబ్ కాంట్రాక్టర్" అని రాసి 1099 ఇవ్వడం. కొంతమంది నిజంగానే చురుగ్గా పనిచేసి, వృథా తగ్గించి, తక్కువకు చేస్తారు. వాళ్లను అనడం లేదు. కానీ అంత పెద్ద తేడా కనిపిస్తే అది తెలివితేటల వల్ల వచ్చిన తేడా అని నమ్మే ముందు ఒక్కసారి నిచ్చెన ఎక్కేవాడి వైపు చూడాలి.

నిజాయితీగా ఇన్సూరెన్స్ కట్టే కాంట్రాక్టరు 44 వేలు అడుగుతాడు, పని పోగొట్టుకుంటాడు. రెండుసార్లు, మూడుసార్లు పోగొట్టుకుంటాడు. నాలుగోసారి అతనికీ అనిపిస్తుంది, నేనెందుకు కట్టాలి అని. ఒక్కడు మోసం చేస్తే మిగతావాళ్లను కూడా అటే లాగుతాడు. ఇక్కడ కాంట్రాక్టరు ఒక్కడే దుర్మార్గుడు అనుకోవద్దు. తక్కువ ధర చూసి ప్రశ్న అడగని ఇంటాయన నిర్ణయం కూడా అందులో భాగమే.

పనిలో పడిపోతే ఏమవుతుంది? న్యూజెర్సీలో ఉద్యోగులను పెట్టుకున్న యజమానికి వర్కర్స్ కాంపెన్సేషన్ తప్పనిసరి. వైద్యం ఖర్చు మొత్తం అదే భరించాలి. పనికి వెళ్లలేని కాలానికి మీ వారం జీతంలో 70 శాతం, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి, ఇవ్వాలి. వలస కాగితాలు లేవన్న కారణంతో ఈ హక్కు పోదు. యజమాని ఇన్సూరెన్స్ కట్టకపోతే అలాంటి కేసుల కోసం రాష్ట్రంలో విడిగా ఒక నిధి కూడా ఉంది. కానీ మీరు 1099 మీద ఉంటే మొదటి మాట "ఈయన మా ఉద్యోగి కాదు" అనే వస్తుంది. అక్కడి నుంచే గొడవ మొదలవుతుంది.

నిజం ఏమిటంటే, కాగితం మీద ఏం రాసినా సరే, న్యూజెర్సీలో మిమ్మల్ని ఉద్యోగి కాదని నిరూపించాల్సింది యజమానే. మూడు విషయాలు మూడూ నిరూపించాలి. పని ఎలా చేయాలో అతను మీకు చెప్పడం లేదని. ఆ పని అతని రోజువారీ వ్యాపారంలో భాగం కాదని, లేదా అతని పని స్థలాలకు బయట చేస్తున్నారని. మీకు విడిగా, మీ సొంతంగా నిలబడిన వ్యాపారం ఉందని. ఉదయం ఏడింటికి రమ్మని, అతని ట్రక్కులో తీసుకెళ్లి, అతని పనిముట్లు ఇచ్చి, ఎక్కడ మేకు కొట్టాలో అతనే చెబితే మీరు వ్యాపారి ఎలా అవుతారు?

మన లెక్క ఎక్కడ తప్పుతోంది

ఇక మన సంగతి. కొంచెం కటువుగా అనిపించినా చెప్పాలి.

మొదటిది, రూపాయి లెక్క. ఒక అక్క ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా, వారానికి అయిదు రోజులు పనిచేస్తుందనుకుందాం. నెలకు 2,200 డాలర్లు క్యాష్. డాలరుకు 85 రూపాయలు వేసుకున్నా 1,87,000 రూపాయలు. ఊళ్లో చెబితే కళ్లు తేలేస్తారు. కానీ ఆమె అద్దె రూపాయల్లో కట్టడం లేదు. ఫోను బిల్లు, మందులు, రైడ్ ఖర్చు, పాలు, కూరగాయలు అన్నీ డాలర్లలోనే. గుణించాల్సింది పంపే డబ్బును, సంపాదించే డబ్బును కాదు.

అదే జీతాన్ని గంటల్లో పెట్టి చూడండి. రోజుకు పది గంటలు, వారానికి 50 గంటలు, నెలకు సుమారు 217 గంటలు. 2,200ను 217తో భాగిస్తే గంటకు 10 డాలర్ల పైచిలుకు. న్యూజెర్సీలో 2026 జనవరి 1 నుంచి సాధారణ కనీస వేతనం గంటకు 15.92 డాలర్లు. ఆరుగురి కంటే తక్కువమంది పనిచేసే చిన్న యజమానులకు 15.23. మామూలు ఇల్లు ఈ రెండో లెక్కలోకి వస్తుంది. 40 గంటలకు 609 డాలర్లు, మిగతా పది గంటలకు ఒకటిన్నర రెట్లు చొప్పున 228, వెరసి వారానికి సుమారు 837. నెలకు 3,630 దాకా. అంటే నెలకు 1,400 పైగా, ఏడాదికి సుమారు 17 వేల డాలర్లు తక్కువ. ఆ డబ్బు ఎక్కడికీ మాయం కాలేదు, ఆ ఇంట్లోనే మిగిలిపోయింది.

నెల జీతం అనే మాటే గంటలను దాచేస్తుంది. "సాయంత్రం కాస్త లేటవుతుంది ఆంటీ", "శనివారం ఒక్క పూట రండి" అన్నప్పుడు నెల జీతం మారదు, గంట ధర పడిపోతుంది. అందుకే ఎంత అని అడిగితే గంటల్లోనే చెప్పండి.

రెండోది, అప్పు లెక్క. ఇక్కడికి రావడానికి ఏజెంటుకో, లాయరుకో, బంధువుకో కట్టిన డబ్బు. "అంత ఖర్చుపెట్టి వచ్చాను, ఇప్పుడు ఈ పని వదిలితే ఎలా?" అనుకుంటాం. పెట్టిన ఖర్చు ఎలాగూ పోయింది. ఈ పనిలో ఉన్నా, వేరే పనికి వెళ్లినా అది తిరిగి రాదు. రేపటి నిర్ణయానికి రేపటి లెక్క కావాలి. కానీ అప్పు మనల్ని ఆగనివ్వదు, ఎదుటివాడికి ఆ సంగతి బాగా తెలుసు.

సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే ఓడల మరమ్మతు కంపెనీ కథ మీరు విని ఉండవచ్చు. కత్రినా తుపాను తర్వాత, 2006లో, ఇండియా నుంచి సుమారు 500 మంది వెల్డర్లను, పైప్ ఫిట్టర్లను హెచ్-2బి వీసాల మీద మిసిసిపీ, టెక్సస్‌లకు తెచ్చారు. గ్రీన్ కార్డు వస్తుందన్నారు. అందుకోసం వాళ్లు రిక్రూటర్లకు 10 వేల డాలర్లు, అంతకు మించి కూడా కట్టారు. ఇళ్లు, నగలు పెట్టి తెచ్చిన డబ్బు అది. వచ్చాక కంపెనీ క్యాంపులో ఇరుకు గదుల్లో పడుకోబెట్టి, అందుకు నెలకు 1,050 డాలర్లు జీతంలో కోసుకున్నారు. అప్పు లేని మనిషిని అలా ఉంచగలిగేవారా? చివరికి వాళ్లు కలిసి బయటికొచ్చారు, కోర్టుకెళ్లారు. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్‌లోని ఫెడరల్ జ్యూరీ మొదటి అయిదుగురికి దాదాపు 1 కోటీ 40 లక్షల డాలర్లు ఇవ్వాలని చెప్పింది. ఏళ్లు పట్టింది నిజమే. కానీ పోయిన ఖర్చును పక్కన పెట్టి, ఇక ముందు ఏం చేయాలి అని ఆలోచించిన రోజే వాళ్ల దారి మారింది.

"ఎక్కువ అడిగితే పని పోతుంది"

ఇది అందరికీ ఉన్న భయం. ఊరికే కొట్టిపారేయలేం. కానీ ఈ ప్రశ్నకు ప్రపంచంలో చాలా పేరున్న జవాబు ఒకటి మన న్యూజెర్సీ నుంచే వచ్చింది. అది తెలుసుకోవాలి.

1992 ఏప్రిల్ 1న న్యూజెర్సీ కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. డెలావేర్ నది అవతల పెన్సిల్వేనియా పెంచలేదు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఉన్న ఇద్దరు ఆర్థికవేత్తలు, డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్, నదికి రెండువైపులా బర్గర్ కింగ్, వెండీస్ లాంటి 410 ఫాస్ట్ ఫుడ్ షాపులను పెంపుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అడిగారు. ఎంతమంది పనిచేస్తున్నారు, ధరలు ఎంత అని. జీతం పెరిగితే పనులు పోతాయని అప్పటిదాకా పుస్తకాల్లో రాసి ఉండేది. పెన్సిల్వేనియాతో పోల్చి చూస్తే న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదు. భోజనం ధర మాత్రం కొంచెం పెరిగింది. 1994లో ఈ పరిశోధన అచ్చయింది. దాని మీద పెద్ద వాదనే జరిగింది, వేరే లెక్కలు చూపినవాళ్లూ ఉన్నారు. 2021లో డేవిడ్ కార్డ్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. క్రూగర్ 2019లోనే చనిపోయారు.

ఇందులో మనకు పనికొచ్చేది ఏమిటి? జీతం పెరిగినప్పుడు వ్యాపారి ముందు ఒక్క దారే ఉండదు. ధర కొంచెం పెంచవచ్చు. లాభంలో కొంచెం తగ్గించుకోవచ్చు. జీతం బాగుంటే మనుషులు మానేయడం తగ్గుతుంది, కొత్తవాళ్లకు నేర్పే ఖర్చు మిగులుతుంది. మనిషిని తీసేయడం ఆ దారుల్లో ఒకటి మాత్రమే, చాలాసార్లు అది చివరిది. ఎందుకంటే పని ఎలాగూ చేయించాలి కదా. ఇక చూడండి, పెన్సిల్వేనియా ఫెడరల్ రేటైన 7.25 దగ్గరే ఉండిపోయింది. నదికి ఇవతల రేటు దానికి రెండింతలు దాటింది. ఇక్కడ షాపులు మూతపడి, ఇళ్లు కట్టడం ఆగిపోయి, పిల్లల్ని చూసేవాళ్లను ఎవరూ పెట్టుకోవడం మానేశారా? మీ చుట్టూ ఉన్న స్టెల్టన్ రోడ్డును, ఓక్ ట్రీ రోడ్డును చూస్తే మీకే తెలుస్తుంది.

దీనికి ఎదురు కథ గల్ఫ్ నుంచి వచ్చింది. మనలో చాలామందికి కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో గల్ఫ్ వెళ్లిన అన్నో, అక్కో ఉంటారు. ఇండియా ప్రభుత్వం గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికులకు ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదని ఒక కనీస సిఫార్సు వేతనం పెట్టేది. 2020 సెప్టెంబరులో, కోవిడ్ కాలంలో, దాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తగ్గిస్తేనే మనవాళ్లకు ఉద్యోగాలు మిగులుతాయని, లేకపోతే వేరే దేశాలవాళ్లు తన్నుకుపోతారని కారణం చెప్పారు. ఏమైంది? అప్పటికే ఎక్కువ తీసుకుంటున్నవాళ్లకు కూడా "మీ ప్రభుత్వమే ఇంత చాలు అంది కదా" అని చెప్పే వీలు కంపెనీలకు దొరికింది. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, సంఘాలు గొడవ చేశాయి, 2021 జూలైలో ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నారు. కింద గీత ఒకసారి జారితే అందరూ జారతారు. మనలో ఒకరు "నేను ఇంకో రెండు డాలర్లు తక్కువకు వస్తాను" అన్నప్పుడు జరిగేది అదే, కాకపోతే చిన్న రూపంలో.

భయంలో నిజం ఉన్న చోటు కూడా చెప్పాలి. కొన్ని ఇళ్లు నిజంగానే ఇవ్వలేవు. ఒక్క జీతం మీద, తలకు మించిన మార్ట్‌గేజీతో నడిచే ఇళ్లు ఉన్నాయి. అలాంటి చోట గంటలు తగ్గించుకోమనండి. పదికి బదులు ఏడు గంటలు రావచ్చు. లేదా రెండు కుటుంబాలు కలిసి ఒక ఇంట్లో పిల్లల్ని పెట్టి జీతం పంచుకోవచ్చు, చాలామంది ఇప్పటికే అలా చేస్తున్నారు. వాళ్లకు తక్కువ పడుతుంది, మీకు గంట ధర తగ్గదు. వాళ్ల ఇబ్బంది మనం అర్థం చేసుకోవచ్చు. కానీ దాన్ని మన జీతంలోంచి తీర్చాల్సిన బాధ్యత మనది కాదు.

చట్టం వాళ్ల లెక్కను ఎలా మారుస్తుంది

జీతం ఎగ్గొట్టేవాడు కూడా లెక్క వేసుకునే ఎగ్గొడతాడు. ఎంత మిగులుతుంది? దొరికిపోయే అవకాశం ఎంత? దొరికితే ఎంత పోతుంది? చట్టం మూడో అంకెను పెంచుతుంది. రెండో అంకెను పెంచేది మనం.

2019 ఆగస్టు 6న న్యూజెర్సీలో వేతన చోరీ చట్టం వచ్చింది. అంతకు ముందు రెండేళ్ల బాకీ దాకానే అడగగలిగేవాళ్లం, ఇప్పుడు ఆరేళ్లు. ఎగ్గొట్టిన జీతంతో పాటు దానికి రెండింతల దాకా అదనంగా రాబట్టవచ్చు. అంటే 10 వేలు ఎగ్గొట్టినవాడు 30 వేలు కట్టాల్సి రావచ్చు. ఫిర్యాదు చేసిన 90 రోజుల్లోపు పని నుంచి తీసేస్తే అది కక్షతో చేసినట్టే భావిస్తారు, కాదని నిరూపించుకోవాల్సింది యజమానే.

ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు ఇంకో చట్టం ఉంది. 2024 జనవరి 12న గవర్నర్ మర్ఫీ సంతకం చేసిన గృహ కార్మికుల హక్కుల చట్టం ఆ ఏడాది జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. నెలకు అయిదు గంటలకు మించి పనిచేస్తే జీతం, పని, గంటలు రాసిన ఒప్పందం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అయిదు గంటల పని తర్వాత అరగంట భోజన విరామం. పిల్లను వదిలి కూర్చునే వీలు లేకపోతే ఆ అరగంటకు కూడా జీతం ఇవ్వాలి. ప్రతి నాలుగు గంటలకు పది నిమిషాల విరామం. తీసేయాలంటే రెండు వారాల ముందు చెప్పాలి, ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లకైతే నాలుగు వారాలు. మీ పాస్‌పోర్టు వాళ్లు దాచిపెట్టుకోకూడదు. వీటికి తోడు 2018 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ప్రతి 30 గంటల పనికి ఒక గంట జీతంతో కూడిన సిక్ లీవు, ఏడాదికి 40 గంటల దాకా జమవుతుంది.

"క్యాష్ ఇస్తే మీకే మంచిది కదా, ట్యాక్స్ ఉండదు" అంటారు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్నవాళ్లు ఈ మాట బాగా ఆలోచించుకోండి. ముసలితనంలో సోషల్ సెక్యూరిటీ రావాలంటే 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల లెక్కలో కనిపించే పని కావాలి. క్యాష్‌లో గడిచిన పదేళ్లు ఆ లెక్కలో సున్నా. పైగా కాగితం మీద ఇస్తే ఆ ఇంటికీ లాభం ఉంది. వాళ్ల ఆఫీసులో డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ ఉంటే పిల్లల సంరక్షణ ఖర్చులో కొంత ట్యాక్స్ లేకుండా పక్కన పెట్టుకోవచ్చు. చాలా ఏళ్లుగా 5,000 డాలర్లున్న ఆ పరిమితి 2026 నుంచి 7,500 అయింది. కానీ దానికి మీ ట్యాక్స్ నంబరు రాయాలి, క్యాష్‌లో ఇస్తే కుదరదు. ఈ సంగతి చాలా ఇళ్లకు తట్టదు. బేరానికి కూర్చున్నప్పుడు మీరే చెప్పండి.

మరి ఏం చేద్దాం?

నా అభిప్రాయంలో చేయాల్సినవి పెద్ద పనులేం కావు, కానీ అందరం చేయాలి.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, వెళ్లిన టైము, వచ్చిన టైము, ఇచ్చిన డబ్బు. ఫోన్లో రాసుకున్నా సరే. రేపు ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది అదే.

మీ రేటు ఇద్దరికి చెప్పండి, ఇద్దరి రేటు అడగండి. గుడి దగ్గర, పటేల్ బ్రదర్స్ దగ్గర, రైడ్ పంచుకునే కారులో. వాళ్లకు గ్రూపు ఉన్నప్పుడు మనకు ఎందుకు ఉండకూడదు? కింద గీత ఏమిటో అందరికీ తెలిస్తే దాని కిందికి దిగమని అడిగేవాళ్లే తగ్గుతారు.

పనిలో చేరే ముందు గంట రేటు, గంటలు, సెలవులు ఒక కాగితం మీద రాయించుకోండి. మొహమాటమైతే "చట్టం అడుగుతోందట కదండీ" అని చెప్పండి. అడుగుతున్నది చట్టమే కాబట్టి అది అబద్ధం కాదు.

జీతం రాకపోతే ఒంటరిగా గొడవకు వెళ్లకండి. రాష్ట్ర కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు, అక్కడ మీ వలస కాగితాలు అడగరు. కాగితాల భయం ఉన్నవాళ్లు, ఆ భయం ఊరికే వచ్చింది కాదని నాకు తెలుసు, ముందు లాయరుతో మాట్లాడండి. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీ ఎడిసన్‌లోనే ఉంది. న్యూ బ్రన్స్‌విక్‌లో న్యూ లేబర్ అనే కార్మికుల సంఘం ఉంది. అక్కడ ఎక్కువమంది స్పానిష్ మాట్లాడేవాళ్లే. కానీ వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. వాళ్లు రేట్లు దాచుకోరు.

చివరిగా, మనం కూడా కొనేవాళ్లమే. రేపు మన ఇంటికి పెయింటు వేయించాలన్నా, మన చెల్లెలు పనికెళ్తూ పిల్లల్ని ఎవరి దగ్గరో దింపాలన్నా, మూడు కొటేషన్లలో తక్కువది చూడగానే మన చేయి కూడా అటే పోతుంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఈ తక్కువ ఎవరి జీతంలోంచి తగ్గింది? నిచ్చెన ఎక్కేవాడికి ఇన్సూరెన్స్ ఉందా? ఊరి నుంచి కొత్తగా వచ్చిన మరదలిని ఏదో ఇంట్లో పనికి కుదిర్చేటప్పుడు, "కొత్త కదా, కాస్త తక్కువకే చేస్తుందిలే" అనే మాట మన నోటి నుంచి రాకుండా చూసుకోవాలి. ఆమె రేటు పడితే మన రేటు ఎంతోకాలం నిలబడదు.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ నెల జీతాన్ని మీ గంటలతో భాగించండి. వచ్చిన అంకెను కాగితం మీద రాసి, పక్కన 15.23 అనో 15.92 అనో రాయండి. తర్వాత ఏం చేయాలో నిర్ణయించుకోవాల్సింది మీరే. కనీసం ఈసారి లెక్క మీ చేతిలో ఉంటుంది.